మజ్జిగ గ్లాసు దగ్గర ఏడ్చిన పిల్లాడు

ప్రశ్న: మాది ఒంగోలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. వాళ్ల స్కూల్లో ఎక్కాలు బట్టీ పట్టించరు, గింజలు, పూసలతో లెక్కలు చేయిస్తారు. మొన్న ఆడపడుచు వాళ్లు వచ్చినప్పుడు మజ్జిగ ఇస్తే, వాళ్ల పాపది సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసని ‘అక్కకే ఎక్కువ పోశావు’ అని ఏడ్చాడు. వాడి కళ్లముందే ఇందులోంచి అందులోకి ఒంపి చూపించినా ఒప్పుకోలేదు. మావారు అందరి ముందూ ‘వీడికి బుర్ర లేదు’ అన్నారు. అప్పట్నుంచి ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోగా వాడి నోట్‌బుక్కులో తప్పులు చెరిపి నేనే రాసేస్తున్నాను. స్కూలు మార్చాలా? అబాకస్‌లో చేర్చాలా? – ఒక తల్లి

జవాబు: స్కూలు మార్చకండమ్మా. అబాకస్ తొందర కూడా లేదు. మీ ఉత్తరంలోని బాధ ఆ రెండింటిదీ కాదు.

ముందు మజ్జిగ సంగతి. మీవాడు చేసింది ఆ వయసు పిల్లలు చాలామంది చేసేదే. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే సరిగ్గా ఇలాగే ఒక గ్లాసులో నీళ్లు ఇంకో ఆకారం గ్లాసులోకి ఒంపి పిల్లల్ని అడిగేవాడు. ఏడేళ్లు దాటేదాకా చాలామంది ఎత్తు చూసి ‘ఇందులోనే ఎక్కువ’ అంటారు. ఎత్తు పెరిగితే వెడల్పు తగ్గిందన్న రెండో సంగతిని వాళ్ల మనసు ఇంకా కలిపి చూడలేదు. ఆకారం మారినా కొలత మారదన్న ఆ గ్రహింపే మన బీఈడీ పుస్తకాల్లో ‘పదిలపరచుకునే భావన’ అని ఉండేది. వయసుల లెక్క అంత కచ్చితం కాదని తర్వాతివాళ్లు అన్నారు, కొందరికి ముందే వస్తుంది, కొందరికి ఆలస్యం. అంతేగానీ అది బుర్ర లేకపోవడం కాదు.

పియాజే 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లల తెలివి పరీక్షల మీద పనిచేశాడు. ఎన్ని ఒప్పులో లెక్కేయడం ఆయన పని. ఆయన మనసు మాత్రం తప్పుల మీదకే పోయింది. ఒకే వయసు పిల్లలు ఒకేలాంటి తప్పు చేస్తున్నారంటే దాని వెనక వాళ్లదైన ఆలోచన ఉందని పట్టుకున్నాడు. ఇప్పుడు చెప్పండి, మీ బాబు ఆలోచన తెలిసే చోటు ఏది? మీరు రోజూ రబ్బరుతో చెరిపేస్తున్న చోటే. టీచరు చూడాల్సింది కూడా దాన్నే.

మీకు కోపం వచ్చినా సరే, చెప్తాను. మీరు చెరిపేది వాడి కోసం కాదు, మీ ఆయన మాటకు భయపడి. భర్త నోరు జారితే సర్దుకుపోవడం మనకి అలవాటే, నేనూ కాదనను. కానీ ఆ సర్దుబాటు ఖర్చు ఆరేళ్ల పిల్లాడు కడుతున్నాడు. నాన్న దృష్టిలో నేను పనికిరాను, అమ్మ దృష్టిలో నా తప్పు దాచిపెట్టాల్సింది అని వాడు నేర్చుకుంటున్నాడు. ఎక్కాలు రాకపోతే నాకు బెంగ లేదు. ఇది నేర్చుకుంటాడని నా బెంగ.

మీ ఆయనతో మాట్లాడండి, ఏకాంతంగా, బాబు పడుకున్నాక. ‘చుట్టాల ముందు వాణ్ణి ఆ మాట అన్నది నాకు నచ్చలేదు, ఇంకెప్పుడూ అనొద్దు’ అని సూటిగా చెప్పండి. ఏడవకండి, బతిమాలకండి. భార్య ఇంతమాత్రం చెప్పలేని ఇంట్లో పిల్లాడు టీచర్ని ప్రశ్న ఎలా అడుగుతాడు?

ఆయన్ని దూరం పెట్టమని కాదు. పియాజే పుట్టిన 1896లోనే పుట్టిన రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ ముప్ఫై ఏడేళ్లకే పోయాడు గానీ, పెద్ద మాట చెప్పి పోయాడు: పిల్లలు ఈరోజు పెద్దవాళ్ల సాయంతో చేసింది రేపు సొంతంగా చేస్తారు. ఆ పెద్దమనిషి స్థానంలో మీ ఆయన్ని కూర్చోబెట్టండి. ఆదివారం రెండు గ్లాసులు, ఒక చిన్న గిన్నె ఇవ్వండి. ఒంపేది బాబే. ‘ఇందులో ఎక్కువని ఎందుకనిపించింది నాన్నా?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగడమే ఆయన పని. దిద్దొద్దు. నెల తర్వాత మళ్లీ ఆడించండి.

రేపటి హోంవర్కులో తప్పులుంటే ఉండనివ్వండి. ఆయన చూసినా సరే, టీచరు చూసినా సరే.