ప్రైవేటు కాలేజీ అనుభవం యూనివర్సిటీ పోస్టుకు పనికొస్తుందా?

అమలాపురం దగ్గర ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆరేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నానన్నారు. లెక్చరర్ పోస్టులకు రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష అయిన ఏపీసెట్ పాసయ్యారు, పీహెచ్‌డీ లేదు. రాజమండ్రి నన్నయ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు పడితే ఈ సర్వీసు లెక్కలోకి వస్తుందా అని అడిగారు. వస్తుందండి. కాకపోతే కాగితం మీద ఉన్నంత మేరకే. నేనూ రావులపాలెం వైపు అలాంటి కాలేజీలోనే పాఠాలు చెప్పి వచ్చినదాన్ని కాబట్టి ముందు ఆ కాగితం సంగతే చెబుతాను.

నాకిచ్చిన మొదటి సర్టిఫికెట్‌లో "మా కాలేజీలో లెక్చరర్‌గా పనిచేశారు, ప్రవర్తన బాగుంది" అని ఉంది, అంతే. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ సబ్జెక్టు, ఫుల్‌టైమా కాదా, జీతమెంత, ఏమీ లేవు. మళ్లీ రాయించుకుందామని వెళ్తే మేనేజ్‌మెంట్ మారిపోయింది. పాత హాజరు రిజిస్టర్లు ఎక్కడున్నాయో కొత్తవాళ్లకు తెలియదు. అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం పడిన పాస్‌బుక్ పేజీలు, స్పాట్ వాల్యుయేషన్‌కి పిలిచిన ఉత్తర్వులు ముందు పెడితే అప్పుడు కొత్త ప్రిన్సిపాల్ గారు తేదీలతో సహా రాసి, సీలు వేసిచ్చారు. అందుకే నోటిఫికేషన్ దాకా ఆగకండి, ఈ నెలలోనే తీసుకోండి. జీతం చేతికిస్తున్నారా? బ్యాంకులో వేయమని గట్టిగా అడగండి.

ఇక మార్కులు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో ఇంటర్వ్యూకి ఎవర్ని పిలవాలో తేల్చే పట్టిక ఒకటుంది. అందులో పీహెచ్‌డీకి 30, పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)తో జాతీయ అర్హత పరీక్ష నెట్ వస్తే 7, ఉత్త నెట్‌కి 5, సెట్‌కి 3. బోధన అనుభవానికి ఏడాదికి 2 చొప్పున వేస్తారు గానీ 10 దాటనివ్వరు. అంటే మీకు ఆ 10 మార్కులు ఐదో ఏటే నిండిపోయాయి, ఇంకెన్నేళ్లు చెప్పినా అక్కడ ఒక్క మార్కూ పెరగదు. 2023 జూలై నుంచి ఈ పోస్టుకి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, మీ సెట్ అర్హతకు సరిపోతుంది. కానీ ఆ 30 మార్కులు ఉన్నవాళ్ల పక్కన నిలబడాలి కదా. పార్ట్‌టైమ్ అయినా సరే పీహెచ్‌డీలో చేరండి, ఇది నా గట్టి మాట. తాడేపల్లిగూడెంలోని కేంద్ర ఇంజినీరింగ్ సంస్థ నిట్‌లోనైతే పీహెచ్‌డీ లేనిదే లోపలికి రానివ్వరు.

ఈ మార్కులు పిలుపు వరకే, ఎంపిక ఇంటర్వ్యూలో జరుగుతుంది. 2023లో మన రాష్ట్ర యూనివర్సిటీలకు నోటిఫికేషన్లు పడినప్పుడు స్క్రీనింగ్ టెస్టు కూడా ఉంటుందన్నారు, తర్వాత అవి కోర్టులో ఆగాయి. అందుకని సబ్జెక్టు చదవడం మానకండి.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. రేపు అసోసియేట్ ప్రొఫెసర్‌కి వెళ్లాలంటే కాంట్రాక్టు, తాత్కాలిక సర్వీసు ఊరికే కలపరు. ఆ రోజుల్లో మీ జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి తగ్గకూడదని నిబంధన ఉంది. పది, పదిహేను వేలకు చేసిన ఏళ్లు అక్కడ నిలవవు. ఎంత కష్టపడి చెప్పామో ఆలోచిస్తే నాకిప్పటికీ బాధేస్తుంది.

 

నోటిఫికేషన్ వచ్చిన రోజు మాత్రం ముందుగా రోస్టర్ పట్టిక, అంటే రిజర్వేషన్ల వారీగా పోస్టులు చూపేది, తెరవండి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న పోస్టు ఏ కేటగిరీకి, మహిళలకా జనరలా అన్నది చూశాకే ఫీజు కట్టండి.