‘తిన్నావా?’ అంటే ‘యా’ అంటాడు

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు డల్లాస్‌లో ఉంటారు. ఏడేళ్ల మనవడికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. వీడియో కాల్‌లో రెండు నిమిషాలకే పారిపోతాడు. ఏం చేయాలి?
– ఒక అమ్మమ్మ, మల్కాజిగిరి

జవాబు: ముందు మీ ప్రశ్న మార్చండి. ‘తిన్నావా?’ అంటే ‘యా’ సరిపోతుంది, వాడి తప్పేం లేదు. ‘పప్పన్నం తిన్నావా, పెరుగన్నం తిన్నావా?’ అనండి. ఒక్క తెలుగు మాటైనా రాక తప్పదు. అంతకంటే మేలైనది పని చేస్తూ మాట్లాడటం. ఫోన్ పొయ్యి పక్కన నిలబెట్టి, ‘ఆవాలు ముందా, జీలకర్ర ముందా?’ అని అడగండి. జీలకర్ర అంటే అదే వేసేయండి, పోపు పాడైతే పాడైంది! తన మాటకు అక్కడ చిటపటమంటే మళ్లీ మాట్లాడతాడు.

‘నిన్న పార్కుకి వెళ్తాను’ అంటే నవ్వొద్దు, దిద్దొద్దు. ‘ఓహో, నిన్న వెళ్లావా? ఎవరితో వెళ్లావు?’ అంటే చాలు, సరైన మాట చెవిన పడుతుంది. నవ్వితే ఆ పూటే ఇంగ్లిష్‌లోకి జారుకుంటాడు. ‘ఏదీ, ఆంటీకి ఒక పద్యం చెప్పు’ అనే చుట్టాలను కూడా కాస్త ఆపండి.

‘తాత’ను ‘టాటా’ అంటున్నాడా? ఇంగ్లిష్ ‘ట’కు నాలుక కొన చిగురును తాకుతుంది, మన ‘త’కు పళ్లను తాకాలి. ‘థింక్’ అనేటప్పుడు నాలుక ఎక్కడ పెడతాడో అక్కడే పెట్టి, గాలి వదలకుండా ఆపి ‘తాత’ అనమనండి.

వారానికో గంట కంటే రోజూ 10 నిమిషాలు నయం. మనకు పొద్దున 6:30 అయితే అక్కడ ముందురోజు రాత్రి 8. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 7.

ప్రశ్న: అన్నయ్య కూతురు, ఆరేళ్లది, సెలవులకు అమెరికా నుంచి వస్తోంది. అక్షరాలు దిద్దించాలా?
– ఒక మేనత్త, మియాపూర్

జవాబు: మాట రాకముందే 56 అక్షరాలు దిద్దిస్తే పలకే విసిరేస్తుంది. తన పేరులోని అక్షరాలు, ఆ తర్వాత ర, గ, స చాలు. ఋ, ఌ ఇప్పుడెందుకు? ప, వ, ష ఒకే వారం నేర్పొద్దు, పోలికల వల్ల కలగలిసిపోతాయి. మీరు వెంట వెళ్లి కిరాణా కొట్లో దానితోనే అడిగించండి: ‘పావుకిలో కందిపప్పు, ఒక కొత్తిమీర కట్ట.’ కొట్టతను హిందీలోకో ఇంగ్లిష్‌లోకో దిగకుండా ముందే చెప్పి ఉంచండి.