ఏసీ లేకుండానే 300 యూనిట్లు: అద్దె ఇంట్లో కరెంటు బిల్లు ఎక్కడ తగ్గుతుంది?

మీరు అడిగింది ఇదీ: ఉప్పల్ వైపు రెండంతస్తుల ఇంట్లో పై పోర్షన్, నలుగురు మనుషులు, ఏసీ లేదు, ఒక కూలర్ ఉంది. అయినా ఏప్రిల్ బిల్లు 1,900 దాటింది. ఓనర్ గోడకు మేకు కూడా కొట్టనివ్వరు. సోలార్ పెట్టించుకోండి, వైరింగ్ మార్పించండి లాంటి సలహాలు వద్దు, అద్దెకున్నవాళ్లు చేయగలిగేవే చెప్పమన్నారు. పెళ్లయినప్పటి నుంచి మేము హైదరాబాద్‌లో అద్దె ఇళ్లలోనే ఉంటున్నాం కాబట్టి తెలిసింది చెప్తాను. కాస్త పెద్దగానే రాస్తున్నా.

ముందు బిల్లు తీసి రూపాయలు వదిలేసి యూనిట్లు చూడండి. 1,900 అంటే 300 యూనిట్ల దగ్గర ఉండాలి. తెలంగాణలో ఇళ్ల కరెంటుకు స్లాబులున్నాయని అందరికీ తెలుసు. 200 దగ్గర ఏం జరుగుతుందో మాత్రం చాలామంది పట్టించుకోరు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం, నెలకు 200 లోపు వాడితే మొదటి వందకి యూనిట్ 3.40, రెండో వందకి 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 అయిందా, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: 200 వరకు 5.10, ఆ పైన 7.70. ఆ ఒక్క యూనిట్ పుణ్యమా అని బిల్లు ఏకంగా 207 రూపాయలు పెరుగుతుంది. 300 యూనిట్లయితే 1,790, దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం కలిపితే మీ 1,900. అదే 195కి దించారనుకోండి, 796. వంద యూనిట్లు తగ్గిస్తే వెయ్యి రూపాయలు తగ్గుతున్నట్టు. కాబట్టి మీరు పెట్టుకోవాల్సిన టార్గెట్ ఒక్కటే, 200 దాటకపోవడం.

తెల్ల రేషన్ కార్డు ఉంటే ఇది ఇంకా ముఖ్యం. 2024 మార్చి నుంచి గృహజ్యోతి అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద 200 లోపు జీరో బిల్లు వస్తోంది. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. 200 దాటిన నెల మాత్రం మొత్తం బిల్లు కట్టాల్సిందే.

(ఇది చదివే ఆంధ్రావాళ్లకు: మీ దగ్గర రేటు ఇలా మొదటి యూనిట్ నుంచీ మారిపోవడం లేదు. అక్కడ 2022 నుంచి ఏ స్లాబు యూనిట్లకు ఆ స్లాబు రేటే. కాకపోతే 225 దాటాక యూనిట్ 8.75 కాబట్టి, చివర్లో తగ్గించే ప్రతి యూనిట్‌కూ బాగానే విలువ ఉంది.)

ఇక రెండో పని మీటర్ దగ్గర. ఏ ఇల్లు మారినా మేము మొదటి ఆదివారమే ఇది చేస్తాం. ఫ్రిజ్‌తో సహా మీ పోర్షన్ మెయిన్ ఆపేసి కిందికెళ్లి మీ మీటర్ చూడండి. దాని మీద చిన్న ఎర్ర లైటు ఒకటి మిణుకుమంటూ ఉంటుంది. అంతా ఆపేసినా అది మిణుకుతోందంటే, మీది కాని లోడు ఏదో మీ మీటర్ మీద ఉందన్నమాట. మెట్ల లైట్లు కావచ్చు, గేటు లైటు కావచ్చు, బోరు మోటార్ కావచ్చు. మోటార్ వేసినప్పుడు కూడా ఒకసారి చూడండి. మీ మీటర్ మీదుంటే ఆ లైటు ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ఒక హార్స్‌పవర్ మోటార్ గంట నడిస్తే దగ్గరదగ్గర ఒక యూనిట్. రోజూ గంటకు పైనే వేస్తే నెలకు 30, 35 యూనిట్లు అక్కడే పోతాయి. మీ కింద పోర్షన్‌వాళ్లు స్నానం చేసే నీళ్లకు కూడా మీరే కడుతున్నట్టు.

మల్కాజ్‌గిరిలో ఉన్నప్పుడు మాకు ఇదే జరిగింది. ఓనర్ అంకుల్ చెడ్డవారు కాదు, ఆయనకే తెలియదు. "అంకుల్, మా మెయిన్ ఆపేశాం, మీటర్ తిరుగుతూనే ఉంది, ఒక్కసారి వచ్చి చూడండి" అని మా ఆయన పిలిస్తే, "అదెట్లయితది?" అనుకుంటూ దిగొచ్చారు. ఆయన కళ్ల ముందే మోటార్ స్విచ్ వేసి చూపించాం. ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ దగ్గరున్న మీటర్‌కి కలిపేసి పోయాడు, అంతే. వైర్ మార్పించడం బదులు నెలనెలా అద్దెలో కొంత తగ్గించుకోమన్నారు. మాకూ అదే సుఖమనిపించింది. గొడవగా కాకుండా చూపించి అడిగితే సగం పని అయిపోతుంది. ఒకే మీటర్ కింద సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కి ఎనిమిదో పదో వసూలు చేసే ఇళ్లలో మాత్రం స్లాబు మీ చేతిలో ఉండదు. అక్కడ మెయిన్ బిల్లు చూపించమని అడిగే చనువు ఉందో లేదో మీకే తెలియాలి.

ఆ ఎర్ర లైటుతో ఇంకో ఉపయోగం ఉంది. మీటర్ మీద 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. లైటు అన్నిసార్లు మిణుకితే ఒక యూనిట్ అని అర్థం. 3200 మీటరైతే, మిగతావన్నీ ఆపి ఒక్క పాత ఫ్యాన్ వేస్తే నిమిషానికి నాలుగుసార్లు మిణుకుతుంది. గీజర్ వేస్తే లెక్కపెట్టలేరు, నిమిషానికి వంద దాటుతుంది. మా బాబు దీన్ని ఆటలా ఆడేవాడు, పైనుంచి నేను ఒక్కొక్కటే వేస్తుంటే కింద నుంచి అరిచి చెప్పేవాడు. ఇంట్లో ఎవరు తింటున్నారో ఒక్క పూటలో తేలిపోతుంది.

ఏసీ లేని ఇంట్లో ఎక్కువ తినేవి ఫ్యాన్లే, ఎవరూ నమ్మరు గానీ. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు 108 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ (బ్రష్‌లు లేని మోటార్‌తో తక్కువ కరెంటుకే తిరిగే రకం) ఫుల్ స్పీడులో 30 వాట్ల దగ్గరే ఉంటుంది. మూడూ మారిస్తే 65 యూనిట్లు తగ్గుతాయి. ఒక్కోటి మూడు వేల దాకా అవుతుంది, నిజమే. కానీ అద్దెకున్నవాళ్లకు ఇంతకు మించిన పెట్టుబడి లేదంటాను, ఎందుకంటే ఇల్లు మారేటప్పుడు విప్పుకుని పట్టుకుపోవచ్చు. పైన కొక్కెం ఎలాగూ ఉంటుంది, మేకు కొట్టే పనే లేదు. ఓనర్‌కి ముందే ఒక మాట చెప్పి, వాళ్ల ఫ్యాన్లను రెక్కలు విప్పి, స్క్రూలు ఒక కవర్‌లో కట్టి అటక మీద పెట్టండి. ఆ కవర్ మీద ఏ గదిదో రాయండి, లేకపోతే ఖాళీ చేసేరోజు ఎలక్ట్రీషియన్ ముందు వెతుక్కోవాలి. మూడూ ఒకేసారి కొనక్కర్లేదు, ఎక్కువసేపు తిరిగే హాల్ ఫ్యాన్‌తో మొదలుపెట్టండి. బీఎల్‌డీసీ వేశాక గోడ మీది రెగ్యులేటర్ ఫుల్‌లోనే ఉంచాలి, స్పీడ్ రిమోట్‌తోనే మార్చాలి. కొనడం కుదరకపోతే కనీసం పెద్ద డబ్బాలా ఉండే పాత రెగ్యులేటర్లను ఎలక్ట్రానిక్‌వి చేయించండి. ఆ పాతవాటి మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటాయి చూడండి, స్పీడ్ తగ్గించినప్పుడు కరెంటు అలా వేడిగా పోతుంది.

మీది పై పోర్షన్ కాబట్టి అసలు శత్రువు నెత్తి మీది కాంక్రీటు స్లాబు (బిల్లు స్లాబు కాదు). మే నెలలో రాత్రి పదింటికి స్టూలెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనించండి, ఇంకా సెగ తగులుతుంది. దాని కింద ఫ్యాన్ ఎంత తిరిగినా వేడిగాలే. డాబా మీద తెల్ల సున్నం వేస్తే ఈ వేడి బాగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. సున్నం ఖరీదు తక్కువే, వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే వేయించాలి. తెల్ల కూలింగ్ పెయింట్ ఎక్కువకాలం ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. మేకు వద్దనే ఓనర్లు కూడా దీనికి ఒప్పుకుంటారు, బాగుపడేది వాళ్ల డాబాయే కదా. మేం సున్నం ఓనర్‌ది, కూలి మాది అని మాట్లాడుకున్నాం.

పడమటి కిటికీలకు లోపలి కర్టెన్ కంటే బయట నీడ పడేలా ఏదైనా కట్టడం మేలు. గ్రీన్ నెట్ అయినా, వెదురు తడక అయినా సరే, గ్రిల్‌కే తాళ్లతో కట్టేయొచ్చు. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను కర్టెన్ పెద్దగా ఆపలేదు. చీకటి పడ్డాక కిటికీలన్నీ తీసేయాలి. దోమల భయమైతే వెల్‌క్రోతో అతికించే దోమతెర ఉంటుంది, అంటించి పీకేయొచ్చు.

కూలర్ గురించి కూడా ఒక మాట. 150 నుంచి 200 వాట్లు తీసుకుంటుంది, ఏసీతో చూస్తే ఏమీ కాదు. హైదరాబాద్ పొడి ఎండకి చక్కగా పనిచేస్తుంది. విజయవాడలో మా అక్కావాళ్లింట్లో మాత్రం అదే కూలర్ ఉక్కపోత పెంచుతుంది, అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ. ఇక్కడ కూడా తలుపులన్నీ మూసి గది మధ్యలో పెడితే జిగటే మిగులుతుంది. కిటికీ దగ్గర బయటి గాలి లాగేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ కొంచెం తెరవండి. ఎప్పటికైనా ఏసీ తీసుకుంటే ఇన్వర్టర్ రకం తీసుకుని, 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లెక్క.

చిన్నవాటిలో పట్టించుకోవాల్సింది సెట్‌టాప్ బాక్స్. రిమోట్‌తో టీవీ ఆపితే టీవీ ఆగుతుంది గానీ బాక్స్ మేలుకునే ఉంటుంది. పది వాట్లనుకున్నా ఇరవై నాలుగు గంటలకి నెలకు ఏడు యూనిట్లు. గోడ స్విచ్ ఆపండి, లేదా స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టండి. ఫోన్ చార్జర్ల గురించి మాత్రం టెన్షన్ పడకండి. అవన్నీ కలిపినా లెక్కలోకి రావు. మా అత్తయ్య చార్జర్లు పీకుతూ తిరుగుతారు, పూజగదిలో పాత జీరో బల్బు మాత్రం పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేది! దాన్ని అర వాటు ఎల్‌ఈడీ చేశాం, ఆవిడకూ తృప్తి, మాకూ తృప్తి.

ఫ్రిజ్ గోడకు ఆనించకండి, వెనకా పక్కలా గాలి ఆడాలి. స్టవ్ పక్కన అసలొద్దు. తలుపు మధ్య ఒక నోటు పెట్టి మూసి లాగండి, జారిపోతే రబ్బరు పోయినట్టే. అది మార్పించడానికి పెద్దగా ఖర్చు కాదు. సింగిల్ డోర్ అయితే ఐసు పేరుకోనివ్వకండి.

గీజర్ సంగతి చలికాలం మాట. రెండు వేల వాట్ల గీజర్‌లో పదిహేను లీటర్లు కాగడానికి పావుగంట చాలు, అర యూనిట్ అవుతుంది. వేసి మర్చిపోతే గానీ అది శత్రువు కాదు. ఒకరి వెనక ఒకరు స్నానం చేస్తే మళ్లీమళ్లీ కాచే పని ఉండదు. ఎండాకాలం ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి, అప్పుడు మెయిన్‌లోనే ఆపేయండి.

ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని ఆన్‌లైన్‌లో ఒక డబ్బా అమ్ముతుంటారు. కొనకండి. అది సరిచేస్తామని చెప్పే పవర్ ఫ్యాక్టర్‌కి ఇళ్ల బిల్లుతో సంబంధమే లేదు, మనకు వేసేది యూనిట్ల మీద.

చివరగా, ఈ ఇల్లు కాదనుకుని వేరేది చూసే పనైతే, అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ పోర్షన్ పాత బిల్లు ఒకటి అడగండి. దాని మీద యూనిక్ సర్వీస్ నంబర్ ఉంటుంది, దాంతో డిస్కం (మనకు కరెంటు ఇచ్చే సంస్థ) వెబ్‌సైట్లో పాత నెలల బిల్లులు చూడొచ్చు. ఏప్రిల్, మే నెలలవి చూస్తే ఆ ఇల్లు ఎంత కాగుతుందో సగం తెలిసిపోతుంది. బకాయి ఏమైనా ఉంటే అదీ బయటపడుతుంది. దిగేరోజు, ఖాళీ చేసేరోజు మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి.