హున్స్‌రిక్‌లో 'హన్నెస్' అనే పేరు బైబిల్లో ఎవరిది, అర్థం ఏమిటి?

సూటిగా చెప్పాలంటే హన్నెస్ మన యోహానే. హున్స్‌రిక్ దక్షిణ బ్రెజిల్‌లో, ముఖ్యంగా రియో గ్రాందె దో సుల్ రాష్ట్రంలో వినిపించే జర్మన్ మాండలికం. దాని మూలం రైన్, మోజెల్ నదుల మధ్య ఉన్న హున్స్‌రూక్ కొండసీమ. రియో గ్రాందె దో సుల్‌కు వచ్చిన జర్మన్ వలసదారుల తొలి జట్టు 1824 జులై 25న అక్కడి సావో లియోపోల్దోలో దిగింది. అప్పటికే హన్నెస్ ఆ కొండసీమలో ఇంటింటి పేరు. 1803లో మాయింజ్‌లో తల నరికించుకున్న బందిపోటు యోహన్నెస్ బ్యూక్లర్‌ను జనం 'షిండర్‌హన్నెస్' అనేవారు.

హీబ్రూలో 'యోహానాన్' అంటే 'యెహోవా కృప చూపాడు'. 'యో' దేవుని పేరు, 'హానాన్' కృప చూపడం. తెలుగు బైబిల్లో యిర్మీయా గ్రంథంలోని 'కారేహ కుమారుడైన యోహానాను'ది కూడా ఇదే పేరు. గ్రీకు దీన్ని 'యోవన్నేస్' చేసింది. హన్నెస్ చివరి 'స్' అక్కడిదే, హీబ్రూలో లేదు. యోహాను అన్నప్పుడు మనం దాన్ని వదిలేశాం.

ముందున్న 'యో' ఎందుకు పోయింది? జర్మన్‌లో యో-హన్-నెస్ అన్నప్పుడు ఊనిక, అంటే నొక్కి పలకడం, రెండో అక్షరం మీద పడుతుంది. ఊనిక లేని మొదటి అక్షరం వాడుకలో జారిపోతుంది. ఎలిజబెత్ 'లిస్బెత్' అయినదీ, రైన్ సీమలో అంద్రేయాస్ 'ద్రేస్' అయినదీ ఇలాగే. అలా దేవుణ్ణి సూచించే ముక్క రాలిపోయి, కృప ముక్క ఒక్కటే పేరుగా నిలిచింది. ఈ పేరులో నాకు బాగా నచ్చేది ఇదే.

పూర్వీకుల రికార్డుల్లో వెతికేవాళ్లు ఒక్క స్పెల్లింగ్ పట్టుకుంటే మనిషి దొరకడు. కాథలిక్ బాప్తిస్మ పుస్తకంలో లాటిన్‌లో 'యోవన్నెస్', లూథరన్ పుస్తకంలో 'యోహన్నెస్' లేదా 'యోహాన్', 1889లో మొదలైన బ్రెజిల్ పౌర రిజిస్టర్లలో పోర్చుగీసు 'జువావ్' ఉంటాయి. ఇంట్లో మాత్రం హన్నెస్. నాలుగూ వెతకండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇంకోచోట. యోహాన్ పేటర్, యోహాన్ యాకోబ్ అని ఒకే ఇంట్లో అన్నదమ్ములందరికీ ముందు యోహాన్ తగిలించేవారు, పిలిచేది మాత్రం రెండో పేరుతో. కాబట్టి రిజిస్టర్‌లో యోహాన్ కనబడగానే హన్నెస్ అని రాసుకోవద్దు. తేదీ, తల్లిదండ్రులు, జ్ఞానస్నాన సాక్షులు కలుస్తున్నారో లేదో చూడండి. జ్ఞానపిత (జ్ఞానస్నానంలో బిడ్డకు సాక్షిగా నిలిచేవాడు) పేరే బిడ్డకు పెట్టే ఆచారం ఉండేది గనుక, సాక్షుల వరుస ఒక్కోసారి చిక్కు విప్పుతుంది.

ఊళ్లో పిలిచేటప్పుడు ఇంటిపేరే ముందు: 'దె ష్మిట్ హన్నెస్', అంటే ష్మిట్ వాళ్ల హన్నెస్. ఈ వరుస మనకు కొత్త కాదు. పెద్దల నోట విని రాసుకున్న జాబితాల్లో మాత్రం ఏది ఇంటిపేరో, ఏది సొంతపేరో ముందే గుర్తు పెట్టుకోండి. పోర్చుగీసు కాగితాల్లో ఆ వరుస తిరగబడుతుంది.