పిండదశ జన్యువులకూ అండాశయ క్యాన్సర్‌కూ సంబంధం ఏమిటి?

పిండదశలో గర్భాశయాన్ని, ఫాలోపియన్ ట్యూబులను (అండాన్ని గర్భాశయానికి చేర్చే నాళాలను) తీర్చిదిద్దే జన్యువులే అండాశయ క్యాన్సర్‌లో అదుపు తప్పి పనిచేస్తూ కణితి పెరగడానికి తోడ్పడతాయి. కణం ఎప్పుడు విభజన చెందాలి, ఎటు కదలాలి, ఏ రూపం తీసుకోవాలి అన్నది పిండంలో నడిపించేవి ఇవే. కణితికి కావలసినవీ సరిగ్గా ఆ శక్తులే.

ఉదాహరణకు, హాక్స్ఏ9 అనే జన్యువు ఫాలోపియన్ ట్యూబు ఏర్పాటుకు సంబంధించినది. మామూలు అండాశయం పైపొరలో ఇది దాదాపు కనిపించదు, అండాశయ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే సీరస్ రకంలో మాత్రం చురుగ్గా ఉంటుంది. ఆ కణితి చూడటానికి ట్యూబు లోపలి పొరను పోలి ఉంటుంది కూడా. నిజానికి ఈ రకం చాలాసార్లు ట్యూబు చివర్లోనే మొదలవుతుంది.

వీటిని బీఆర్‌సీఏ (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యులోపం) లాంటి వంశపారంపర్య లోపం అనుకుని చాలామంది టెన్షన్ పడతారు. అది పొరపాటు. ఈ జన్యువులు అందరిలోనూ ఉంటాయి, ఉండాలి కూడా. తేడా సాధారణంగా కణితి కణాల్లో అవి పనిచేసే తీరులోనే వస్తుంది.