రంగునీళ్లు తేటపడితే సరిపోదు

బరంపురం నుంచి ఒక తండ్రి రాశారు: "మాది పట్టునూలుకు రంగులద్దే ఇల్లు. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టులో ఏదో తెల్లపొడి వేసి రంగునీళ్లను ఎండలో తేటపరిచిందట. అప్పట్నుంచి అదే చదువుతానంటోంది. దాంట్లో బతుకుతెరువు ఉందా? బీఈడీ చేయిస్తే నయమా?"

అయ్యా, రంగునీళ్లు వాకిట్లోంచి కాలవలోకి పోవడం చూస్తూ పెరిగిన పిల్లకు ఈ ఆసక్తి పుట్టడం నాకెంతో సంతోషంగా ఉంది.

ఆ తెల్లపొడి బహుశా టైటానియం డయాక్సైడ్. గోడల పెయింట్‌లో కలిపేది అదే. దానిమీద ఎండ పడితే నీటిలో హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే మహా చురుకైన కణాలు పుడతాయి. అవి రంగు అణువును ముక్కలు చేస్తాయి. పని చివరిదాకా సాగితే చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీళ్లే మిగులుతాయి. ఆ పదార్థం వెలుగులో నీటిని విడగొడుతుందని 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా చూపించాక ఫొటోక్యాటలిసిస్ అనే ఈ రంగం ఊపందుకుంది. చిక్కల్లా అది అతినీలలోహిత కిరణాలకే పనిచేస్తుంది, ఎండలో అవి నూటికి నాలుగైదు పాళ్లే. మిగతా వెలుగుకూ పనిచేసే పదార్థాలు కావాలి. వాడిన పొడిని నీటిలోంచి మళ్లీ తీయాలి. పరిశోధన చాలావరకు వీటి చుట్టూనే.

అమ్మాయిని ఒక మాట అడగండి: "ఎండలో పెట్టేముందు చీకట్లో ఎంతసేపు ఉంచావు?" పొడి కొంత రంగును ఊరికే తనకు అంటించుకుంటుంది. పట్టుకు రంగు పట్టించే మీకు ఇది వేరే చెప్పాలా? అందుకే ముందు అరగంటైనా చీకట్లో కలియబెట్టి, ఆ తర్వాతే లెక్క మొదలుపెడతారు. పొడి వేయని గ్లాసు కూడా పక్కన ఉండాలి, కొన్ని రంగులు ఉత్త ఎండకే వెలిసిపోతాయి. నీరు తేటపడినా విరిగిన ముక్కలు అందులో ఉండొచ్చు, కొన్ని విషం కూడా. వీటికి జవాబు చెప్పినా, "మళ్లీ చేసి చూస్తాను నాన్నా" అన్నా, ధైర్యంగా పంపండి.

ఫొటోక్యాటలిసిస్ పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు. కూడు పెట్టేది నీటి పరీక్ష, ఆ యంత్రాలమీద చెయ్యి తిరగడం. ఫ్యాక్టరీల మురుగునీటి ప్లాంట్లకూ, కాలుష్య నియంత్రణ మండళ్లకూ, ల్యాబ్‌లకూ అలాంటివాళ్లు కావాలి. అందుకే ఇప్పుడే ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కు మళ్లించకుండా ఎమ్మెస్సీ కెమిస్ట్రీయే చేయించమంటాను. ఐఐటీలకైతే జామ్ అనే ప్రవేశపరీక్ష రాయాలి, మామూలుగా ఫిబ్రవరిలో ఉంటుంది. దూరం పంపలేకపోతే బరంపురం యూనివర్సిటీ ఉంది. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. ఇంటిమీద భారం పడదు. పరిశోధన సంస్థలంటారా, భువనేశ్వర్‌లో ఐఎంఎంటీ, నాగపూర్‌లో నీరి ఉన్నాయి. 2016 నుంచి మీ ఊళ్లోనే ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఉంది. వేసవి ప్రాజెక్టు కోసం అక్కడి ప్రొఫెసర్లకు మెయిల్ రాయమనండి.

బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు, టెన్షన్ వద్దు. ఈలోగా రంగు తొట్టిలో మిగిలిన నీళ్లు ఒక సీసాడు ఆమెకివ్వండి. సబ్బూ ఆమ్లమూ కలిసిన ఆ నీళ్లు కాలేజీ ల్యాబ్‌లో కలిపిన రంగుకన్నా చాలా మొండివి.