బోరు నీళ్ళలో ఎర్ర మడ్డి: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బోరు నీళ్ళు కొట్టినప్పుడు తేటగానే ఉంటాయండి. పొద్దున్న పట్టిన బిందె మధ్యాహ్నానికి పసుపు తిరిగి, మర్నాటికి అడుగున ఎర్ర మడ్డి దిగుతోంది. అప్పుడే పట్టిన నీళ్ళని నాలుగు మడతల పంచెలో వడకట్టినా లాభం లేదు, మర్నాడు వడకడితే మాత్రం గుడ్డంతా ఎర్రగా అయిపోతుంది. పక్కింటివాళ్ళవి రెండు రోజులున్నా మడ్డి దిగవు, పసుపుగానే ఉండిపోతాయి. మా అత్తగారు చిల్లగింజ అరగదియ్యమంటారు, మా ఆయన పటిక వెయ్యమంటారు. ఏది మంచిదండి?
– ఒక గృహిణి, రాజోలు దగ్గర

జవాబు: అది ఇనుమండి. అనుమానముంటే ఆ నీళ్ళతో టీ డికాషన్ పెట్టి చూడండి, నల్లగా తిరుగుతుంది. భూమి లోపల గాలి తగలక ఇనుము కరిగే ఉంటుంది, కరిగినదాన్ని ఏ గుడ్డా ఆపలేదు. బిందెలో పడ్డాక ఆక్సిజన్ తగిలి తుప్పవుతుంది. కానీ మొదట పుట్టే తుప్పు రేణువుల సైజు కొన్ని నానోమీటర్లే. మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు. పది నానోమీటర్ల రేణువు తన బరువుతోనే దిగాలంటే ఏడాదికి అర సెంటీమీటరు, అదీ లెక్కలోనే, ఎందుకంటే నీటి అణువులు దాన్ని అటూఇటూ తోస్తూనే ఉంటాయి. మరి మీ బిందెలో ఒక్క రాత్రిలో ఎలా దిగిందంటే, రేణువులు అతుక్కుని గుంపులు కట్టాయి. సైజు పదింతలైతే దిగే వేగం వందింతలవుతుంది (గుంపు మధ్య నీళ్ళు ఇరుక్కుంటాయి కాబట్టి కాస్త తగ్గించుకోండి).

అయితే ఎదురుపడ్డ రేణువులన్నీ అతుక్కోవు. వాటి ఒంటి మీద విద్యుదావేశం, అదే చార్జి, ఉంటుంది. అందరిదీ ఒకే రకం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. నీళ్ళ పీహెచ్‌ని (నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) బట్టి ఆ చార్జి పెరుగుతుంది, తగ్గుతుంది, ఒకచోట సున్నా అవుతుంది. తుప్పుకి ఆ సున్నా 7, 9 మధ్యలో వస్తుంది, మన బోరు నీళ్ళు చాలావరకు ఆ చుట్టుపక్కలే. పైగా కాల్షియం లాంటివి ఉంటే మిగిలిన కాస్త నెట్టుడూ పోతుంది.

పక్కింటి బోరులో నా అంచనా ప్రకారం కుళ్ళిన ఆకూ అలముల సారం ఉంది. అది రేణువుల చుట్టూ పట్టి గట్టి రుణావేశం ఇస్తుంది, ఇక అవి ఎందుకు కలుస్తాయి?

అత్తగారూ రైటే, ఆయనా రైటే. చిల్లగింజ గంధంలో పొడవాటి అణువులుంటాయి, ఒక్కొక్కటి చాలా రేణువుల్ని కలిపి పట్టుకుంటుంది. పటికలోని అల్యూమినియం ధనావేశంతో వచ్చి రుణావేశాన్ని తీసేస్తుంది, కానీ చెయ్యి జారి ఎక్కువేస్తే చార్జి తిరగబడి నీళ్ళు మళ్ళీ మసకబారతాయి. మీ బోరుకి రెండూ అక్కర్లేదంటాను నేను. ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తు నుంచి నాలుగుసార్లు తిరగబోసి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీళ్ళు వంచి వడకట్టుకోండి. పటిక సంగతి పక్కింట్లో చెప్పండి. తాగడానికైతే మాత్రం కాచుకోవాల్సిందే, మడ్డి దిగినంత మాత్రాన క్రిములు పోవు.

ప్రశ్న: ప్రాజెక్టుకి 25 నానోమీటర్ల టైటానియం డయాక్సైడ్ పౌడర్ కొన్నాం. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే అడుగుకి చేరింది. రెండు చుక్కలు ఆసిడ్ వేస్తే తెల్లగా నిలబడింది, అందులో బీచ్ నుంచి తెచ్చిన నీళ్ళు పోస్తే మళ్ళీ దిగిపోయింది. పౌడర్ నకిలీదేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఎమ్మెస్సీ విద్యార్థి, కాకినాడ

జవాబు: పౌడర్‌ని అనుమానించకండి. పైన చెప్పిన సున్నా, టైటానియం డయాక్సైడ్‌కి పీహెచ్ 6 దగ్గర వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగిన డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ కూడా ఇంచుమించు అంతే. ఆసిడ్ వేసి మీరు ధనావేశం ఇచ్చారు. ఇక ఉప్పు. లీటరుకి 0.06 గ్రాముల ఉప్పున్న నీళ్ళలో ఆ చార్జి ప్రభావం 10 నానోమీటర్ల దూరం పోతుంది, సముద్రంలో అర నానోమీటరు కూడా పోదు. అంత దగ్గరికి రానిచ్చాక వాండర్‌వాల్స్ ఆకర్షణదే, అంటే బాగా దగ్గరకొచ్చిన రేణువులు ఒకదాన్నొకటి లాక్కునే బలానిదే, గెలుపు. 1940ల్లో సోవియట్ శాస్త్రవేత్తలు డెర్యాగిన్, లాండౌ, డచ్ శాస్త్రవేత్తలు వెర్వే, ఓవర్‌బేక్ కట్టిన ఈ లెక్కనే డీఎల్‌వీఓ సిద్ధాంతం అంటారు. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట నది మోసుకొచ్చిన తుప్పు రేణువులకీ, బంకమట్టికీ జరిగేది ఇదే.

సీసా మీద 25 అని ఉంది కదా అని రిపోర్టులో అదే రాసెయ్యకండి. అది విడి రేణువు సైజు, పొడిలోనే చాలావరకు అతుక్కుని ఉంటాయి. అల్ట్రాసౌండ్‌తో విడగొట్టి, వెంటనే ఒకసారి, గంట తర్వాత ఒకసారి కొలిచి, రెండు అంకెలతో పాటు ఆ నీళ్ళ పీహెచ్, ఉప్పు ఎంతో కూడా రాయండి.